పల్లకీ మోసినవాళ్ల మాట

ఎడిన్‌బరోలో జార్జ్ స్ట్రీట్ తాడు పట్టి గీసినట్టుండే వీధి. 1767లో జేమ్స్ క్రెయిగ్ వేసిన కొత్త పట్నం నక్షాకు అదే వెన్నెముక. లోయకు అవతల కొండ మీద కోట, దాని వీపు వెంబడి పాత పట్నపు నిటారు మేడలు, ఇరుకు సందులు. ఇవతల కొత్త పట్నంలో మాత్రం అంతా కొలత ప్రకారమే. ఈ వీధిలో ఒకచోట ఒక భవనపు స్తంభాల మండపం పేవ్‌మెంటు మీదికే ముందుకొచ్చి నిలబడి ఉంటుంది. దారినపోయేవాళ్లు దాని కిందనుంచే నడిచి వెళ్లాలి. అదే అసెంబ్లీ రూమ్స్. 1787 జనవరి 11న మొదటిసారి తలుపులు తెరిచిన ఈ భవనంలో మేడమీద ఒక నాట్యశాల ఉంది. గోడలకు పెద్ద పెద్ద అద్దాలు, పైనుంచి వేలాడే స్ఫటికపు షాండిలియర్లు, కింద నున్నటి చెక్క నేల. కేలీ అనే స్కాటిష్ నాట్యసభ జరిగే రాత్రి అక్కడి కుర్చీలన్నీ గోడవారకు జరిగిపోతాయి. ఒక చివర చిన్న వేదిక, దానిమీద ఒక ఫిడేలు, ఒక అకార్డియన్, ఒక కీబోర్డు, ఒక డ్రమ్ సెట్టు. మైకు దగ్గర నిలబడి తర్వాతి నాట్యం పేరు చెప్పి, అడుగులు ఒక్కొక్కటిగా నేర్పి నడిపించే మనిషిని కాలర్ అంటారు. ఊరివాళ్లు, విశ్వవిద్యాలయం పిల్లలు, ఆ పూటే వేవర్లీ స్టేషన్లో రైలు దిగిన యాత్రికులు, అందరూ ఒకే వరసలో నిలబడతారు. అడుగులు రానివాళ్లను పక్కన కూర్చోబెట్టడం అక్కడ ఆనవాయితీ కాదు. చెయ్యి పట్టుకుని లాగుతారు.

ఆ రాత్రి ఆడే నాట్యాల్లో ‘స్ట్రిప్ ద విల్లో’ను దగ్గరగా చూడాలి. రెండు పొడవాటి వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. పై జంట మధ్యలోకొచ్చి మోచేతులు మెలివేసుకుని గిర్రున తిరుగుతారు. పదహారు లెక్కకల్లా విడిపోయి, అమ్మాయి ఎదుటి వరసలో మొదటి మనిషికి ఎడమ మోచెయ్యి అందిస్తుంది. ఒక చుట్టు తిరిగి మళ్లీ మధ్యలో తన జంటకు కుడి మోచెయ్యి. మళ్లీ రెండో మనిషికి ఎడమ, తన జంటకు కుడి. ఇలా వరస చివరిదాకా. ఆర్క్‌నీ దీవుల పద్ధతిలో అయితే మొదటి జంట నాలుగడుగులు దిగేసరికి రెండో జంట మొదలెడుతుంది, వాళ్ల వెనక మూడోది. కాసేపటికి వరస మొత్తం సుడిలా తిరుగుతుంది. తప్పు చెయ్యి ఇచ్చినా నాట్యం ఆగదు, ఎదుటివాళ్లు సరైన చెయ్యి దొరకబుచ్చుకుని ముందుకు తోసేస్తారు. ఆ తోపులో బరువు ఉంటుంది. ఇద్దరూ తమ బరువును వెనక్కి వదిలి, ఒకరి మోచేతిని ఒకరు ఆధారం చేసుకుంటేనే చుట్టు తిరుగుతుంది. మొహమాటపడి చెయ్యి వదులుగా పట్టుకున్నవాళ్లు పక్కకు విసిరేసినట్టు పోతారు. ముక్కూమొహం తెలియని మనిషిని నమ్మి వెనక్కి వాలడం ఈ నాట్యానికి మొదటి పాఠం. దాన్ని ఏ పుస్తకమూ నేర్పలేదు, చెయ్యే నేర్పుతుంది.

ఇంత చూశాక యాత్రికుడికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. ఈ సంగీతం పుట్టిన చోటు ఇది కాదు కదా అని. రాళ్లూ గడ్డీ కప్పిన ఇళ్లలో, నడిమధ్య పీట్ మట్టి నిప్పు పొగలో, చలికాలపు పొడవాటి రాత్రుల్లో ఇరుగుపొరుగు చేరి చెప్పుకున్న కథలూ పాటలూ ఇవి. ‘కేలీ’ అనే గేలిక్ మాటకు అసలు అర్థమే ఇంటికి చూడబోవడం, నాలుగు మాటలు చెప్పుకోవడం. ఆ మాటను తెచ్చి షాండిలియర్ల కింద టికెట్టు పెట్టి అమ్ముతున్నారంటే అందులో అసలు ఎంత, నాటకం ఎంత? ఈ సందేహం న్యాయమైనదే. కానీ దానికి పునాదిగా ఉన్న ఊహ తప్పని నా వాదం. పల్లె అసలు ఇల్లు, హాలు పరాయి ఇల్లు అనే ఊహ అది. ఈ సంగీతానికి ఆ రెండూ పుట్టినిల్లూ మెట్టినిల్లూ లాంటివి. రెండున్నర శతాబ్దాలుగా అది ఆ రెంటి మధ్య తిరుగుతూనే ఉంది, ఆ తిరుగుడువల్లే బతికింది. ఒక సాయంత్రం అసలైనదా కాదా అని తేల్చాలంటే అది ఏ కప్పు కింద జరిగిందో చూసి లాభం లేదు. ఆ నేలమీద ఎవరు నిలబడి చూస్తున్నారు, ఎవరు ఆడుతున్నారు, ఆ పాటను ఎవరు తమ ఒంట్లోకి ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోతున్నారు అనేదే చూడాలి.

ముందు ఆ భవనం సంగతి. దాన్ని కట్టింది సామాన్యుల కోసం కాదు, ఇందులో దాపరికమేమీ లేదు. ప్రారంభోత్సవపు నాట్యం కలెడోనియన్ హంట్ అనే పెద్దింటి వేటగాళ్ల సంఘం పేరుమీద జరిగింది. ఆ ఏడాదే ఎడిన్‌బరోలో వెలువడిన తన కవితల కూర్పును రాబర్ట్ బర్న్స్ అంకితమిచ్చింది కూడా ఈ సంఘంలోని ప్రభువులకే. రైతు కవి పుస్తకం, ప్రభువుల నాట్యశాల ఒకే ఏడాది, ఒకే ఊళ్లో, ఒకే సంఘం నీడన బయటికొచ్చాయి. ‘అసెంబ్లీ’ అంటే అప్పట్లో మర్యాదస్తుల ఆడామగా కలిసి నాట్యం చేసే సభ. ఈ భవనం రాకముందు ఆ సభలు పాత పట్నంలో జరిగేవి. 1750లలో వైద్యవిద్యార్థిగా అక్కడ ఉన్న ఆలివర్ గోల్డ్‌స్మిత్, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క బిగుసుకుని కూర్చునే ఆ సభల తీరును ఒక ఉత్తరంలో వర్ణించాడు. అలాంటి సభల నుంచి, అలాంటి మనుషుల కోసం పుట్టిన హాలు ఇది. అయితే వాళ్లు ఆడింది దేనికి? ఫ్రాన్సు నుంచి వచ్చిన మినుయెట్లకు మాత్రమేనా? అదే అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది. ప్రభువుల ఒళ్లు కూడా రీల్ అనే స్కాటిష్ నాట్యరాగం మొదలైతేనే కదిలేది. ఆ రీల్ వాయించినవాడు నేతగాడి బిడ్డ.

నీల్ గౌ 1727లో పుట్టాడు. పెర్త్‌షైర్‌లో డన్‌కెల్డ్ ఊరిపక్క ఇన్వర్ అతని పల్లె. ఇంటి వృత్తి నేత, అతనూ మగ్గం మీద పని నేర్చుకున్నవాడే. 1745లో జరిగిన ఫిడేలు పోటీలో అతను గెలిచినప్పుడు న్యాయనిర్ణేతగా కూర్చున్నది చూపులేని మనిషి. నీల్ కమాను నూరుమందిలో ఉన్నా గుర్తుపడతానని ఆయన అన్నట్టు ఈనాటికీ అక్కడ చెప్పుకుంటారు. ఆ కమాను విశేషం దేనిలో ఉందో స్ట్రాత్‌స్పే అనే లయ వింటే తెలుస్తుంది. రీల్ పరుగు చతురశ్రంలో సమానంగా సాగుతుంది, జిగ్ తిశ్రంలో గంతులేస్తుంది. స్ట్రాత్‌స్పే అలా కాదు. చతురశ్రమే అయినా నడక నిదానం, ఆ నిదానంలోనే చిటుక్కుమని ఒక పొట్టి స్వరం, దాన్ని ఆనుకుని ఒక పొడుగు స్వరం. ఎవరో మాట్లాడుతూ మధ్యలో నాలుక చప్పరించినట్టుంటుంది ఆ విరుపు. దాన్ని ఫిడేలు మీద పలికించాలంటే కమాను కిందికి లాగేటప్పుడు ఉన్నంత బలం పైకి తోసేటప్పుడూ ఉండాలి. మామూలుగా పైకి తోసే కమాను నీరసంగా పోతుంది. నీల్ గౌకు ఆ పైకి తోపులోనే ప్రాణం ఉండేదని సమకాలికులు రాశారు. అథోల్ డ్యూకు అతన్ని పిలిపించుకున్నాడు, హెన్రీ రేబర్న్ అతని బొమ్మ గీశాడు. గళ్ల మేజోళ్లు, మోకాళ్ల దగ్గర బిగించిన లాగు, గడ్డం కింద ఫిడేలు, ఇవతలివాళ్లెవరినీ పట్టించుకోని చూపు. 1784లో అతని స్ట్రాత్‌స్పే రీళ్ల మొదటి సంపుటి అచ్చయింది. అతని కొడుకు నథానియెల్ ఎడిన్‌బరోలో స్థిరపడి నాట్యసభలకు వాయించే బృందాలు నడిపాడు, రాగాలు అచ్చువేసి అమ్మాడు. ఆ అచ్చు కాగితాలు తిరిగి పల్లెలకు వెళ్లాయి. పల్లె ఫిడేలు మాస్టార్లు వాటినుంచి నేర్చుకుని, తమ విరుపులు చేర్చి, కొట్టాల్లో పెళ్లిళ్లకు వాయించారు. రెండో భార్య పోయినప్పుడు నీల్ గౌ కట్టిన విలాప రాగం ఈ రోజుకీ స్కాట్లాండ్‌లో ఫిడేలు పట్టిన ప్రతివాళ్లకీ వస్తుంది. అది పల్లె రాగమా, హాలు రాగమా? ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్నే సరిగ్గా లేదు.

ఇక్కడ చదువుకున్నవాళ్ల నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. 1983లో హాబ్స్‌బామ్, రేంజర్ సంపాదకత్వంలో సంప్రదాయాల కల్పన గురించి ఒక ప్రసిద్ధ పుస్తకం వచ్చింది. అందులో చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్, స్కాట్లాండు కొండసీమ అయిన హైలాండ్ వేషం, గళ్ల బట్ట, కిల్టు ఇవన్నీ మొన్నమొన్నటి సృష్టి అని వాదించాడు. ఆ వాదానికి ఈ అసెంబ్లీ రూమ్స్ భవనమే పెద్ద సాక్ష్యంగా నిలబడుతుంది. 1746లో కలోడెన్ యుద్ధంలో జాకబైట్ తిరుగుబాటుదారులు ఓడాక హైలాండ్ దుస్తుల మీద నిషేధం పెట్టారు. 1782లో ఎత్తేశారు. ఐదేళ్లకు ఈ హాలు తెరుచుకుంది. ఇంకో ముప్పై అయిదేళ్లకు, 1822 ఆగస్టులో, నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. వాల్టర్ స్కాట్ సూత్రధారిగా ఊరంతా గళ్ల బట్ట కట్టింది, రాజు కూడా హోలీరూడ్ కొలువులో కిల్టు వేసుకున్నాడు. స్కాటిష్ ప్రభువులు రాజుకు ఇచ్చిన నాట్యవిందు జరిగింది ఈ హాల్లోనే. సైనిక దుస్తులు లేని మగవాళ్లు హైలాండ్ వేషంలోనే రావాలని స్కాట్ రాసిన కరపత్రం నిర్దేశించింది. ఆ రోజుల వేడుకల్లో నథానియెల్ గౌ రాజు ముందు వాయించాడు. తాతల కాలంలో జైలుకు పంపిన బట్ట, మనవల కాలంలో ఆహ్వానపత్రిక షరతు అయిపోయింది. అదే కాలంలో ఎందరో భూస్వాములు గొర్రెల మేతకోసం తమ హైలాండ్ రైతులను ఇళ్లలోంచి వెళ్లగొడుతున్నారు. ఈ హాల్లో ఆ వేషం వేసుకుని మురిసిన మొహాల్లో అలాంటి భూస్వాములవీ ఉన్నాయి. ఇది ఊరికే దాటెయ్యదగ్గ విషయం కాదు. ఈ హాలు అందాన్ని పొగిడే ఏ రచనైనా దీన్ని దాచిపెడితే అది పొగడ్తే కాదు.

అయినా ఆ అభ్యంతరం బట్ట దగ్గర నిలిచినంత గట్టిగా రాగం దగ్గర నిలవదు. కిల్టు సంగతిలో ఎన్ని కల్పనలున్నాయో సంగీతం చుట్టూ అన్ని కల్పనలూ ఉన్నాయి. ఉదాహరణకు, నిషేధంలో బ్యాగ్‌పైపులు కూడా ఉన్నాయని జనం నమ్ముతారు. చట్టం పాఠంలో పైపుల మాటే లేదు. అకార్డియన్ వియన్నా నుంచి 1829 తర్వాత వచ్చింది. పోల్కా బొహీమియా నుంచి వచ్చింది. ఫైఫ్ గనుల్లో పనిచేసిన జిమ్మీ షాండ్ అకార్డియన్‌తో దేశాన్ని ఊపేశాడు, 1955లో అతన్ని ఇంటింటికీ చేర్చినది కూడా ఒక పోల్కాయే. ప్రాచీనం అని చెప్పుకునేదాంట్లో సగం నిన్నటిదే. అయితే ఏమిటి? ప్రతి రాగాన్నీ ఎవరో ఒక రోజు మొదటిసారి వాయించి ఉంటారు. 1822లో రాజు కోసం తయారైన వేషానికీ, 1784లో నేతగాడు అచ్చువేసిన స్ట్రాత్‌స్పేకీ ఒక తేడా ఉంది. మొదటిది చూపించుకోవడానికి పుట్టింది, రెండోది వాడుకోవడానికి పుట్టింది. వాడుకలో ఉన్నది అరుగుతుంది, మారుతుంది, అతుకులు పడుతుంది. ఆ అతుకుల్ని చూపించి ఇది పాతబట్ట కాదనడం తర్కం కాదు.

ఇలాంటి సంగీతానికి తగిలించే ‘కెల్టిక్’ అనే పేరు మీద అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది, దాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. పాత గ్రీకులు ఐరోపా ఖండంలోని కొన్ని తెగలను ఆ పేరుతో పిలిచారు గానీ ఈ దీవులవాళ్లను కాదు. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే భాషావేత్త వెల్ష్, కార్నిష్, బ్రెటన్, ఐరిష్, గేలిక్ భాషల చుట్టరికాన్ని వివరించిన పుస్తకం తర్వాతే ఆ పేరు ఇక్కడివాళ్లకు అంటుకుంది. పాటలకు ఆ బిళ్ల తగిలించింది అంతకంటే చాలా ఇటీవలి బజారు. ఎడిన్‌బరో మాట్లాడింది స్కాట్స్, గేలిక్ కాదు. బర్న్స్ రాసిందీ ఎక్కువగా స్కాట్స్‌లోనే. షెట్లాండ్ ఫిడేలు నార్వే వైపు చూస్తుంది. కాబట్టి ‘కెల్టిక్ సాయంత్రం’ అని గోడపత్రిక మీద ఉంటే దాన్ని వంశవృక్షంలా చదవకూడదు. సంతలో దుకాణం బోర్డులా చదవాలి. లోపల ఏముందో ఆ బోర్డు చెప్పదు, లోపలికి రమ్మంటుంది. దుకాణం బోర్డు తప్పయినంత మాత్రాన లోపలి సరుకు నకిలీ అయిపోదు.

రాగాలకు వంశశుద్ధి అంటగట్టలేమని చెప్పడానికి తెలుగు పాఠకుడికి ఎక్కడికో పోనక్కర్లేదు. మద్రాసు సెయింట్ జార్జి కోటలో కుంపిణీ బ్యాండువాళ్లు ఐర్లాండు, స్కాట్లాండు, ఇంగ్లండు రాగాలు వాయించేవాళ్లు. ముత్తుస్వామి దీక్షితులు యువకుడిగా మణలిలో ఉన్న రోజుల్లో ఆ బ్యాండు పాటలు విన్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి అక్కడే వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఆ బ్యాండు రాగాలకు దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చితే నొట్టుస్వరాలయ్యాయి. వాటిలో ‘వందే మీనాక్షి’ నడిచే రాగం, ఐర్లాండులో కార్క్ ప్రాంతపు మాలో అనే ఊరి పేరుమీద ఉన్న నాట్యపు రాగమే. ఎట్టయపురం సుబ్బరామ దీక్షితులు 1905లో ముప్పైకి పైగా నొట్టుస్వరాలను ప్రథమాభ్యాస పుస్తకంలో అచ్చువేయించారు, అదీ తెలుగు లిపిలో. ఐర్లాండు కుర్రకారు చిందేసిన రాగం మధుర మీనాక్షి స్తోత్రమై, తెలుగు అక్షరాల్లో పిల్లలకు మొదటి పాఠమయింది. ఎడిన్‌బరో హాల్లో జిగ్ మొదలైనప్పుడు మన చెవి ఎక్కడో విన్నట్టుందే అనుకుంటే అది భ్రమ కాదు. ఆ చుట్టరికం నిజంగానే ఉంది. ఈ రాగాలకు కోటగోడలూ అడ్డం రాలేదు, సముద్రాలూ అడ్డం రాలేదు. ఒక నాట్యశాల గడప అడ్డమొస్తుందా?

హాలు ఈ పాటకు మేలు చేసిన సందర్భాలు ఒకటి రెండైనా నిలబెట్టి చూపాలి, లేకపోతే వాదం గాలిలో ఉంటుంది. కేలీ అనే మాటను నలుగురూ చేరి ఆడే బహిరంగ నాట్యసభకు వాడుకలోకి తెచ్చిన ఘట్టం పల్లెలో జరగలేదు. 1897 అక్టోబరు 30న లండన్‌లో బ్లూమ్స్‌బరీ హాల్లో, బ్రిటిష్ మ్యూజియం దాపున, వలస వచ్చిన ఐరిష్‌వాళ్ల గేలిక్ లీగ్ శాఖ ఏర్పాటు చేసిన సభ అది. ఇంటికి దూరమైనవాళ్లే ఇల్లు అనే మాటను హాలుకు తెచ్చుకున్నారు. ఇంకొకటి 1951. అప్పటికి నాలుగేళ్లుగా ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం జరుగుతోంది. ఐరోపా నాటకాలకూ సింఫనీలకూ పెద్దపీట వేసిన ఆ ఉత్సవంలో స్కాట్లాండు సొంత పాటకు చోటేదని అడిగినవాళ్లు పీపుల్స్ ఫెస్టివల్ పెట్టారు. కవి, పాటల సేకరణకర్త హేమిష్ హెండర్సన్ ఆడ్‌ఫెలోస్ హాల్లో ఒక కేలీ నడిపాడు. ఈశాన్యపు పొలాల నుంచి జాన్ స్ట్రాకన్, రోడ్ల మీద తిరిగి పాడుకునే జిమ్మీ మక్‌బెత్, బారా దీవి నుంచి వచ్చి ఎడిన్‌బరో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేస్తున్న ఫ్లోరా మక్నీల్ ఆ వేదికెక్కారు. అమెరికా నుంచి వచ్చిన అలన్ లోమాక్స్ టేపు యంత్రం పెట్టి అంతా రికార్డు చేశాడు. పట్నంలో పెరిగిన కుర్రవాళ్లకు తమ దేశంలో ఇలాంటి గొంతులున్నాయని ఆ రాత్రే తెలిసింది. ఆ తర్వాతి జానపద పునరుజ్జీవానికి ఆ సభే విత్తనం అని చాలామంది చరిత్రకారుల మాట. విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఏ ఇంటికి ఆ ఇల్లుగా విడివిడిగా ఉన్న గొంతుల్ని ఒకచోట చేర్చి వినిపించడం హాలుకే సాధ్యమైంది.

ఇన్ని జవాబులు చెప్పాక కూడా ఒక అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాట ప్రయాణం చేస్తుంది, దాన్ని పుట్టించిన పని మాత్రం ప్రయాణం చెయ్యదు. హెబ్రిడీస్ దీవుల్లో ఆడవాళ్లు నేసిన ఉన్నిబట్టను తడిపి, పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని, దాన్ని బల్లకేసి బాదుతూ చిక్కబరిచేవాళ్లు. బట్ట ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి సూర్యుడు తిరిగే దిక్కుగానే తిరగాలి. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు వంత పాడతారు. బట్ట పదునుకు వచ్చిందా లేదా అనేదాన్ని ఎన్ని పాటలయ్యాయో దాన్నిబట్టి లెక్కగట్టేవాళ్లు. మన నాట్ల పాటలకీ దంపుళ్ల పాటలకీ పని ఎలా తాళం వేసిందో అక్కడ ఆ బట్ట అలా తాళం వేసింది. ఇప్పుడు ఆ పాట హాల్లో వినిపిస్తే బల్ల ఉంటుంది, తడిబట్ట కూడా ఒక్కోసారి ఉంటుంది, కానీ ఆ బట్టతో ఎవరూ కోటు కుట్టించుకోరు. చెయ్యి నొప్పెట్టడం మానేశాక ఆ లయకు కారణం ఏమిటో వినేవాళ్లకు విప్పి చెప్పాల్సి వస్తుంది. ఇది నిజమైన నష్టం. దీన్ని హాలు తిరిగి ఇవ్వలేదు. భాష సంగతి ఇంకా కష్టం. 2022 జనాభా లెక్కల్లో గేలిక్ ఎంతోకొంత వచ్చినవాళ్లు స్కాట్లాండు జనంలో 2.5 శాతానికి చేరారు, పదేళ్ల కిందటికంటే పెరిగారు. అదే సమయంలో గేలిక్‌కు గుండెకాయ లాంటి పశ్చిమ దీవుల్లో మాట్లాడేవాళ్లు సగానికి దిగువకు పడిపోయారు. పట్నంలో నేర్చుకునేవాళ్లు పెరుగుతుంటే, ఊళ్లో కలలు కూడా ఆ భాషలోనే కన్నవాళ్లు తగ్గిపోతున్నారు. రీల్ ఆడటానికి గేలిక్ రానక్కర్లేదు. ఆ సౌకర్యమే భాషకు అపాయం కూడా. వెయ్యిమంది రాగాన్ని ప్రేమించి మాటను గుమ్మం బయటే వదిలేయొచ్చు.

అయితే ఆ బాధను పల్లెవైపు మాత్రమే తిరిగి తీర్చుకుందామనుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. పల్లెనుంచి పోయినవి కూడా చాలాసార్లు తిరుగుదారిలోనే ఇల్లు చేరాయి. వెళ్లగొట్టబడ్డ హైలాండ్ జనం కెనడాలో కేప్ బ్రెటన్ దీవికి పోయి, ఫిడేలునూ దానికి తగ్గ పాదపు ఆటనూ వంటగది నేలమీద కాపాడుకున్నారు. ఒళ్లు నిటారుగా, చేతులు వదులుగా, మడమా బొటనవేలూ మాత్రం మద్దెల పని చేసే ఆ ఆట స్కాట్లాండులో దాదాపు కనుమరుగైంది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో కేప్ బ్రెటన్ గురువులు వచ్చి పాఠాలు చెబితే మళ్లీ నేర్చుకున్నారు. 1981లో బారా దీవిలో పిల్లలకు పాట, వాద్యం, భాష కలిపి నేర్పే ఫేష్ మొదలైంది. ఇప్పుడు అలాంటివి దేశమంతటా నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో చాలా పాఠాలు నడిచేది బడి హాళ్లలో, గుడి హాళ్లలో, పంచాయతీ హాళ్లలో. ఇక్కడ హాలంటే షాండిలియర్లు కాదు. పది రేకుకుర్చీలు పక్కకు లాగితే చాలు, నేల దొరికినట్టే. ఆ పిల్లల్లో కొందరు పెరిగి జార్జ్ స్ట్రీట్ మేడమీద వేదికెక్కుతున్నారు. వాళ్లు వచ్చేటప్పుడు రాగంతో పాటు మాటనూ తెస్తున్నారు.

1787 జనవరి రాత్రి ఈ మేడమీద రీళ్లు మోగుతున్నప్పుడు గేలిక్ మాట ఎక్కడ ఉందో ఊహించడం కష్టం కాదు. ఎడిన్‌బరో పెద్దింటి ఆడవాళ్లను సభలకు తెచ్చే కుర్చీ పల్లకీలను మోసిన బోయీల్లో చాలామంది హైలాండ్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లే. నగర రక్షకదళంలో ఉన్నవాళ్లూ ఎక్కువగా వాళ్లే. గేలిక్‌లో మహాకవి అనిపించుకున్న డంకన్ బాన్ మకింటైర్‌కు రాయడం రాదు. తన పాటలు చెప్పి రాయించి 1768లో పుస్తకంగా వేయించుకున్నాడు. అతను 1787లో ఇదే ఊళ్లో ఆ దళంలో కావలి ఉద్యోగం చేస్తున్నాడు. అంటే ఆ రాగాలను సాకి పెంచిన భాష గుమ్మం బయట చలిలో నిలబడి, లోపలి వెలుగును కిటికీల్లోంచి చూసిందన్నమాట. ఇప్పటి కేలీ రాత్రుల్లో కొన్నిసార్లు, రెండు నాట్యాల మధ్య, వాద్యాలు ఆగుతాయి. ఫిడేలు ఒళ్లోకి దిగుతుంది. ఒక గాయని మైకు దగ్గరికొచ్చి ‘పూర్ష్త్ అ బియల్’ మొదలెడుతుంది. నోటి రాగం అని దాని అర్థం. వాద్యం అందుబాటులో లేనప్పుడు ఆడేవాళ్లకోసం నోటితోనే వాయించే పద్ధతి అది. మాటలు పొట్టిపొట్టివి, కొన్నిటికి అర్థం ఉంటుంది, కొన్నిటికి ధ్వనే అర్థం. నట్టువనారు జతి చెప్పినట్టు హల్లులు ఒకదాన్నొకటి తన్నుకుంటూ పరుగెడతాయి, ఊపిరి తీసుకునే చోటు ఎక్కడుందో పట్టుకోలేం. కాలర్ ఏమీ చెప్పడు. వరసలు వాటంతటవే కడతాయి. గేలిక్ ఒక్క ముక్క రానివాళ్ల మడమలు కూడా ఆ హల్లుల మీదే పడతాయి, పైన స్ఫటికాలు సన్నగా వణుకుతాయి, కింద ఆ పాత చెక్క నేల మాటకు మాటగా మోగుతూ ఉంటుంది.